పడవ చుట్టూ వల

లారా డెక్కర్ అనే డచ్చి బాలిక 1995లో న్యూజిలాండ్‌లోని వాంగరే పట్టణంలో పుట్టింది. అప్పటికి ఆమె తల్లిదండ్రులు తెరచాప పడవలో దేశదేశాలు తిరుగుతున్నారు. ఆమె పసితనం ఆ పడవ మీదనే గడిచింది. 2012లో, పదహారేళ్ల వయసులో, ఆమె ఒంటరిగా తెరచాప పడవ నడుపుకొంటూ భూగోళాన్ని చుట్టి వచ్చింది. ఇలా పడవనే ఇల్లు చేసుకొని సముద్రాలు దాటే కుటుంబాలు పాశ్చాత్య దేశాలలో చాలా ఉన్నాయి. మన ఇళ్లలో బిడ్డ దోగాడే ఈడు రాగానే గడపకు అడ్డం పెడతాం. మేడమెట్ల దగ్గర చిన్న తలుపు బిగిస్తాం. మరి నడిసముద్రంలో, పడవ మీద దోగాడే బిడ్డకు ఏమి అడ్డం పెట్టాలి?

తెరచాప పడవ గాలి తాకిడికి ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. పడవ పైభాగాన్ని డెక్కు అంటారు. చదునుగా ఉండే ఆ డెక్కు అప్పుడు పెంకుటింటి కప్పులా వాలుగా మారుతుంది. అందుకే డెక్కు అంచు వెంబడి ఉక్కు గుంజలు నిలిపి, వాటి గుండా రెండు వరుసల ఉక్కు తీగలు లాగి కడతారు. సముద్రయానం చేసే పడవలలో పై తీగ సాధారణంగా 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. కింది తీగ దానికి దాదాపు సగం ఎత్తున ఉంటుంది. ఈ కొలతలు పెద్దవారిని దృష్టిలో పెట్టుకొని ఏర్పరచినవి. కాలు జారిన పెద్దమనిషికి ఆ తీగలలో ఏదో ఒకటి చేతికి దొరుకుతుంది, లేదా ఒంటికి తగిలి ఆపుతుంది. రెండేళ్ల పిల్లవాడు జారితే మాత్రం కింది తీగకూ డెక్కుకూ నడుమ ఉన్న సందులోంచి నేరుగా దొర్లిపోతాడు.

పడితే వెంటనే తీయలేరా అని మీకు అనిపించవచ్చు. ఒక లెక్క వేసి చూడండి. పడవ గంటకు 11 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. అంటే సెకనుకు సుమారు 3 మీటర్లు. కేక విని, చుక్కాని తిప్పడానికి అర నిమిషం పట్టినా పడవ అప్పటికే 90 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. బస్సుకు ఉన్నట్టు దానికి బ్రేకు లేదు. అంత దూరాన, అలల మధ్య, కొబ్బరికాయంత తల కనిపించడం ఎంత కష్టమో ఊహించండి. కనుక బిడ్డ పడిన తరువాత చేసే ప్రయత్నం కన్న పడకముందు ఆ సందును మూయడం మేలు.

సందు మూయడానికి చెక్క పలకలు పనికిరావు. పెద్ద అల డెక్కు మీదికి ఎక్కినప్పుడు ఆ నీరు క్షణాలలో బయటికి పోవాలి. పలకలు నీటిని ఆపుతాయి, గాలికీ ఎదురు నిలుస్తాయి. వల అయితే నీటినీ గాలినీ పోనిచ్చి, బిడ్డను మాత్రమే ఆపుతుంది.

యానాంలోను, ఒడిశాలోని పూరీ, గోపాల్‌పూర్ తీరాలలోను ఉన్న తెలుగు మత్స్యకారుల పిల్లలకు వల సంగతి మనం చెప్పనక్కరలేదు. పై తాడుకు బెండ్లు, కింది తాడుకు బరువులు కట్టి, చేప చిక్కుకొనేటట్లు వలను కావాలనే వదులుగా వేలాడదీస్తారు. పడవకు కట్టే వల దీనికి పూర్తిగా విరుద్ధం. ఇది మద్దెల తోలులా బిగువుగా ఉండాలి. వదులుగా ఉంటే బిడ్డ బరువుకు సంచిలా బయటికి ఉబ్బి, కింది అంచు దగ్గర మళ్లీ సందు ఏర్పడుతుంది. సన్నని చేపల వల బిడ్డ చేతులను కోస్తుంది కూడా. అందుచేత 4 లేక 5 సెంటీమీటర్ల కన్ను గల, ముడులు లేకుండా అల్లిన, మందపాటి నైలాన్ లేదా పాలిస్టర్ వలను వాడతారు. నైలాన్ తడిస్తే కొంత సాగుతుంది. కాబట్టి దాన్ని మరింత బిగించి కట్టాలి.

కట్టే పని పై నుంచి మొదలవుతుంది. పై తీగను ఒక కొసన విప్పి, వల పై వరుసలోని ఒక్కొక్క కన్నులోంచి, పూసలు గుచ్చినట్టు, దూర్చి తిరిగి బిగిస్తారు. ఇది విసుగు పుట్టించే పనే గాని దీనికన్న గట్టి పద్ధతి లేదు. అసలు కష్టమంతా కింది అంచుదే. చాలా పడవలలో డెక్కు అంచున చిల్లులున్న అల్యూమినియం పట్టీ ఉంటుంది. సన్నని, గట్టి తాడుతో వల కింది కన్నులను ఆ చిల్లులకు కడతారు. పట్టీ లేనిచోట చిన్న ఉక్కు కొక్కేలను దగ్గర దగ్గరగా బిగించుకోవాలి. బారెడు తాడును ఒకటే వరసగా అల్లుకుపోతే పని త్వరగా తెములుతుంది. కాని ఆ తాడు ఒకచోట తెగితే అంచంతా ఊడి వస్తుంది. మూరెడు మూరెడు ముక్కలుగా విడివిడిగా కడితే ఒక ముడి పోయినా తక్కినవి నిలుస్తాయి. ప్లాస్టిక్ పట్టీలతో బిగించేవారూ ఉన్నారు. అవి ఎండకు పెళుసెక్కి విరుగుతాయి, వాటి కత్తిరించిన కొసలు గీరుకుంటాయి.

పడవ ఎక్కి దిగడానికి తీగలలో ఒకచోట ద్వారం ఉంటుంది. అక్కడి వల ముక్కను వేరుగా కత్తిరించి కొక్కేలతో తగిలించాలి. లేకపోతే పెద్దవారు రోజూ వలనే తొక్కి దాటుతారు, అది నెలలోనే చెడుతుంది.

ఇంత చేసినా వల గోడ కాదు. నడక వచ్చిన పిల్లవాడు దాన్ని నిచ్చెనగా వాడుకొని ఎక్కబోతాడు. అందుకే డెక్కు మీద ఉన్నంతసేపూ బిడ్డకు లైఫ్ జాకెట్ తొడుగుతారు. భుజాలకు, నడుముకు పట్టీ కట్టి, దాని తాడును పడవకు తగిలిస్తారు. ఒక పెద్దవారు కనిపెట్టి ఉంటారు. వల కట్టిన ధీమాతో ఈ జాగ్రత్తలు సడలించే తల్లిదండ్రుల విషయంలో వల మేలుకన్న కీడే చేస్తుందని చెప్పాలి.

ఎండ, ఉప్పునీరు వలను మెల్లగా తినేస్తాయి. ప్రయాణానికి ముందు ఒక్కొక్క ముడిని లాగి చూస్తారు. పోగులు పొడిలా రాలుతుంటే ఆ వలను మార్చేస్తారు. పిల్లలు పెద్దవారయ్యాక చాలామంది పడవ పక్కల నుంచి వలను విప్పివేస్తారు. ముందు కొసన ఉన్న ముక్కను మాత్రం ఉంచుకొంటారు. దించిన తెరచాప జారి నీళ్లలో పడకుండా అది ఆపుతుంది.