ఆర్గన్‌కు నలభై శాతం

1967లో లండన్‌లో తయారైన నాలుగు నిమిషాల పాట. అందులోని ఆర్గన్ స్వరం ఎవరి సొత్తో తేలడానికి 42 ఏళ్లు పట్టింది

బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లోని న్యాయమూర్తులు తమ చివరి తీర్పులు చదివిన రోజు 2009 జులై 30. ఆ అక్టోబర్ నుంచి వారి బాధ్యతలు కొత్త సుప్రీంకోర్టుకు వెళ్లిపోయాయి. శతాబ్దాల సంప్రదాయానికి తెర పడిన ఆ రోజు వారి ముందున్న కేసుల్లో ఒకటి ఒక పాప్ పాటకు సంబంధించింది. పాటకు ఆర్గన్ స్వరం సమకూర్చిన వ్యక్తి 38 ఏళ్లు ఊరుకుని, ఆ తర్వాత కోర్టుకెక్కి వాటా అడిగితే ఇవ్వాలా, వద్దా?

ఆ పాట 'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్'. పాడిన బృందం ప్రోకోల్ హేరమ్. రాక్ సంగీతంతో పరిచయం లేనివాళ్లు కూడా ఎక్కడో ఒకచోట ఆ ఆర్గన్‌ను వినే ఉంటారు. చర్చిలో ప్రార్థన మొదలవుతున్నట్టు, పెద్ద తొందరేమీ లేనట్టు సాగే స్వరం అది. గాయకుడు నోరు విప్పకముందే పాట సగం మనసులోకి దిగిపోతుంది.

1967 తొలినాళ్లలో ఆ పాట ఇద్దరిది. పదాలు కీత్ రీడ్‌వి. ఓ పార్టీలో ఎవరో ఒకామెతో అంటుండగా చెవిన పడ్డ మాటే పాట పేరైందని ఆయన చెప్పేవారు. పియానో ముందు కూర్చుని బాణీ కట్టింది గ్యారీ బ్రూకర్. జర్మన్ మహా స్వరకర్త బాఖ్ రచనల తరహాలో, ఒక్కో మెట్టూ కిందికి దిగే మంద్రస్వరం మీద ఆయన తీగలు పేర్చారు. మార్చిలో ఇద్దరూ పాట హక్కులను ఎసెక్స్ మ్యూజిక్ అనే ప్రచురణ సంస్థకు రాసిచ్చారు. బృందం మాత్రం అప్పటికింకా పూర్తిగా కుదరలేదు.

ఆ తర్వాత వచ్చినవాడు మాథ్యూ ఫిషర్. వయసు 21. లండన్‌లోని గిల్డ్‌హాల్ సంగీత పాఠశాలలో చదివాడు. అన్నిటికీ మించి ఆయనకు సొంత హామండ్ ఆర్గన్ ఉంది. ఆ రోజుల్లో అదే పెద్ద అర్హత.

ఈ వాద్యం గురించి కొంత చెప్పుకోవాలి. షికాగోలో గడియారాలు తయారుచేసే లారెన్స్ హామండ్ దీన్ని 1935లో మార్కెట్లోకి తెచ్చారు. లోపల గొట్టాలుండవు, గాలి ఉండదు. మోటారుతో తిరిగే పళ్ల చక్రాలుంటాయి. ఒక్కో చక్రం పక్కన తీగ చుట్టిన అయస్కాంతం. చక్రం పళ్లు దాని ముందు నుంచి సాగుతుంటే తీగలో విద్యుత్తు ఊగుతుంది, ఆ ఊగే వేగమే స్వరస్థాయి. గొట్టాల ఆర్గన్ కొనలేని చర్చిలు దీన్ని ఎగబడి కొన్నాయి. అక్కడి నుంచి జాజ్‌కు, ఆ తర్వాత రాక్‌కు చేరింది. లెస్లీ అనే తిరిగే స్పీకర్ తోడైతే స్వరం వణుకుతూ, దగ్గరకొచ్చి దూరం జరుగుతున్నట్టు వినిపిస్తుంది. అంటే గుడి కోసం పుట్టిన పరికరం క్లబ్బుకు చేరిందన్నమాట. ఫిషర్ చేసిందల్లా దాన్ని మళ్లీ గుడికి తీసుకెళ్లడం.

బ్రూకర్ తీగల మీద ఆయన ఎనిమిది బార్ల ఆర్గన్ భాగాన్ని అల్లారు. పాట మొదట్లో వచ్చేది, చరణాల మధ్య తిరిగి తిరిగి వచ్చేది అదే. ఏప్రిల్‌లో లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో డెనీ కార్డెల్ ఆధ్వర్యంలో రికార్డింగ్ జరిగింది. డ్రమ్స్ వాయించిన బిల్ ఐడెన్ బృందం మనిషి కాదు, ఫీజుకు వచ్చిన సెషన్ కళాకారుడు. మే 12న రికార్డు విడుదలైంది. జూన్ నుంచి ఆరు వారాల పాటు బ్రిటన్‌లో అగ్రస్థానం దాన్నే వరించింది. అమెరికాలో ఐదో స్థానం దాకా వెళ్లింది. కోటి కాపీలకు పైగా అమ్ముడైందని అంచనా. రికార్డు మీద మాత్రం రచయితలు ఇద్దరే.

తన పేరు గురించి అప్పట్లోనే అడిగానని, ఎవరూ పట్టించుకోలేదని ఫిషర్ వాదన. 1969లో బృందం నుంచి వెళ్లిపోయారు. తర్వాత కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్స్ చదివి ప్రోగ్రామర్‌గా పనిచేశారు. 1990లలో మళ్లీ బ్రూకర్ పక్కన ఆర్గన్ వాయించారు కూడా. చివరికి 2005లో దావా వేశారు.

2006 డిసెంబర్‌లో హైకోర్టు న్యాయమూర్తి బ్లాక్‌బర్న్ ఆ ఆర్గన్ భాగం విలక్షణమైనదని, అది లేకుండా రికార్డును ఊహించలేమని భావించారు. సంగీత హక్కులో 40 శాతం ఫిషర్‌కు ఇచ్చారు, అదీ 2005 నుంచి మాత్రమే. ఆయన అడిగింది సగం. ఇక స్టూడియోలో ఎవరు ఏం వాయించినా రేపు వాటా అడుగుతారేమోనన్న భయం పట్టుకుంటుందని బ్రూకర్ వాపోయారు. ఆయన బాధను తీసిపారేయలేం: పాట పునాది ఆయనదే. 2008లో అప్పీలు కోర్టు ఫిషర్ సహరచయిత అని ఒప్పుకుంటూనే, ఇంత ఆలస్యంగా వచ్చినవారికి డబ్బు రాదని తేల్చింది. పేరు నీదే, పైసా నీది కాదు అనే విచిత్రమైన తీర్పు అది.

లార్డ్స్ దాన్ని ఏకగ్రీవంగా తోసిపుచ్చారు. కాపీరైట్ యాజమాన్యం అడగడానికి చట్టంలో గడువు లేదన్నారు. పైగా ఆలస్యం వల్ల అవతలి పక్షం నష్టపోయిందేమీ లేదు, అన్నేళ్లూ రాయల్టీలు పుచ్చుకుంది వాళ్లేగా! అరవైల నాటి జ్ఞాపకాలున్న మనిషిగా ఈ గుర్తింపు తనకు సంతోషమని బేరనెస్ హేల్ తన తీర్పులో రాశారు. న్యాయమూర్తుల కలం నుంచి అరుదుగా వచ్చే వాక్యమది.

మన సినిమా పాటల సంగతి తలచుకుంటే ఈ కేసు మరోలా కనిపిస్తుంది. హిందీ పాటల ఇంటర్‌లూడ్‌లు రాసి, వాద్యబృందాలను నడిపించిన సెబాస్టియన్ డిసౌజా, ఆంథోనీ గొన్సాల్వెస్ వంటి గోవా అరేంజర్ల పేర్లు శ్రోతలకు చాలాకాలం తెలియనే లేదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు గీత రచయితలకు, సంగీత దర్శకులకు వదులుకోలేని రాయల్టీ హక్కు దక్కింది. దానికోసం రాజ్యసభలో జావేద్ అఖ్తర్ గట్టిగా పోరాడారు. కానీ పల్లవికీ చరణానికీ నడుమ వచ్చే వయొలిన్ ముక్కను ఎవరు కట్టారన్న ప్రశ్న ఆ చర్చలో పెద్దగా వినిపించలేదు.

బ్రూకర్ 2022 ఫిబ్రవరిలో, రీడ్ 2023 మార్చిలో కన్నుమూశారు. పాట హక్కుదారుల్లో ఇప్పుడు ఫిషర్ పేరూ ఉంది. 1967 నుంచి 2005 దాకా వచ్చిన రాయల్టీల్లో మాత్రం ఆయనకు చిల్లిగవ్వ కూడా రాలేదు.