నిక్కపొడిచిన చెవులు

షోలాపూర్ తూర్పు భాగంలో, అశోక్ చౌక్ అవతల మేముండే సందులో తెల్లవారితే మరమగ్గాల చప్పుడే. ఆ చప్పుడులోనూ నిరుడు ఒకనాడు పక్కింటి డోబర్‌మన్ పిల్ల మూలుగు వినబడింది. పోయి చూస్తే దాని నెత్తిమీద కాగితపు కప్పు, కప్పుకు రెండువైపులా పట్టీలతో అంటించిన చెవులు. కప్పు అంచున ఎండిన నెత్తురు.

గడపలో బీడీలు చుడుతున్న అవ్వ అడిగింది: "ఏందిరా బిడ్డా, చెవులకు దెబ్బ తాకిందా?"

"లేదవ్వా, కోయించిన. పెద్దయినంక నిక్కి నిలబడ్తయి."

"అంచు కోస్తే బట్ట నిలుస్తదారా?" అందామె. నేతింటి మనిషి మరి!

డోబర్‌మన్ చెవులు పుట్టుకతో వేలాడతాయన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. సినిమాల్లో చూసే ఆ సూది చెవులు కత్తి పని. జర్మనీలోని అపోల్డా ఊరిలో లూయీ డోబర్‌మన్ అనే పన్ను వసూలుదారు 19వ శతాబ్దం చివర్లో తన కాపలాకు పెంచిన జాతి ఇది. ఆ జర్మనీలోనే చెవులు కోయడాన్ని 1987 నుంచి నిషేధించారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అడ్డులేకపోయినా, అందం కోసం చేసే ఈ కోతను అక్కడి పశువైద్యుల సంఘం 2008 నుంచి వ్యతిరేకిస్తోంది. మన దేశంలో 1960 నాటి చట్టం జంతువుల అవయవాలను వికలం చేయడాన్ని క్రూరత్వంగానే లెక్కిస్తుంది.

కోస్తే చెవిపోటు రాదని అమ్మేవాళ్లు చెబుతారు. నిజమైతే లాబ్రడార్‌కు, స్పానియల్‌కు ఎందుకు కోయరు? మనకు దగ్గరే ఉన్న ముధోల్ వేటకుక్కకూ చెవులు వేలాడేవే. 2005లో దాని బొమ్మతో తపాలా బిళ్ల కూడా వచ్చింది. దాని వేటకు ఆ చెవులేమీ అడ్డం కాలేదు.

ఈ కోత సాధారణంగా 8 నుంచి 12 వారాల వయసులో చేస్తారు. అంటే టీకాలింకా పూర్తికాని పసికూనకు, పూర్తి మత్తిచ్చి. మా పక్కింటి పిల్లకు మత్తిచ్చారో లేదో అమ్మినవాడికే తెలియాలి. కుట్లు 10, 14 రోజుల్లో తీస్తారు గానీ పని అక్కడితో అయిపోదు. చెవి నిలబడేదాకా వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి, పట్టీలు విప్పి కట్టాలి. ఇంతా చేస్తే నిలబడుతుందన్న పూచీ లేదు.

ఇప్పటికే కోసిన కూన మీ ఇంటికొస్తే ఏం చేయాలి? మా వాడల్లో మొదటి శత్రువు దూది నూగు. మగ్గాల గదికి దూరంగా పడుకోబెట్టండి. రెండోది ఈగ. పుండు మీద గుడ్లు పెడితే పురుగు పడుతుంది. మెడకు గరాటు లాంటి కాలరు ఉంటే కాలితో గోక్కోలేదు. పట్టీ తడిస్తే లోపల చీము పడుతుంది, కాబట్టి తడిసిన రోజే పశువైద్యుడి దగ్గర మార్పించాలి. వాసన వచ్చినా, వాచినా, కూన తిండి మానేసినా తెల్లారేదాకా ఆగకండి. పసుపు, సున్నం, కిరోసిన్ పూయొద్దు. మన నొప్పి మాత్రలు వేయనే వద్దు. ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కల కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

వీధికుక్కల చెవికి కనిపించే చిన్న గాటు సంగతి వేరు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసిన గుర్తు అది. 2001లో వచ్చి 2023లో మారిన నిబంధనల కింద, కుక్క మత్తులో ఉండగానే ఆ గాటు పెడతారు. దాన్ని మళ్లీ పట్టుకెళ్లి పొట్ట కోయకుండా కాపాడేది అదే. కుక్క చెవికి పెట్టిన గాటు కుక్కకే పనికొచ్చేది నాకు తెలిసి ఇదొక్కటే.

పక్కింటి పిల్ల బతికింది. ఎడమ చెవికి చీము పట్టి రెండుసార్లు పట్టీ విప్పాల్సి వచ్చింది. ఆ కుర్రాడు రాత్రిళ్లు కూర్చుని ఈగలు తోలాడు. ఇప్పుడు కుడి చెవి నిటారుగా ఉంది, ఎడమది సగానికి మడిచిన చద్దరులా వాలిపోయింది. అవ్వ జొన్నరొట్టె తుంచే చప్పుడు మాత్రం మగ్గాల హోరులోనూ దానికి వినబడుతుంది.