ఉప్పుగాలి తిన్న బండి

నెల్లూరు తీరంలో పాత ఆఫ్‌రోడ్ బండి కొనేటప్పుడు మీటరు రీడింగ్ కంటే ముందు చూడాల్సింది ఆర్‌సీలో చిరునామా. ఉదయగిరి మెట్టలో ముప్పై వేల కిలోమీటర్లు తిరిగిన బండి కంటే సముద్రం ఒడ్డున మైపాడు దగ్గర పంచలో మూడేళ్లు నిలబడ్డ బండి ఎక్కువ పాడై ఉండొచ్చు. ఒకప్పుడు నంబరులో ఏపీ 26 ఉంటే అది నెల్లూరు బండి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరస రావడంతో ప్లేటు చూసి ఊరు చెప్పే వీలు పోయింది. రాత్రిళ్లు ఎక్కడ పెట్టేవారు, ఏ దారుల్లో తిరిగింది అన్నవి అమ్మేవాళ్లను నేరుగా అడగాల్సిందే.

అసలైన మోటోక్రాస్ బండికి హెడ్‌లైటు, ఇండికేటర్లు ఉండవు, రిజిస్ట్రేషన్ కూడా ఉండదు. కవాసకి కేఎక్స్ 250 లాంటివి ట్రాక్ మీద నడపడానికే. మైపాడు రోడ్డెక్కితే అది చట్టం ఒప్పని బండి. కాబట్టి ఇసుక దారులకు, రొయ్యల గుంటల గట్లకు ఇక్కడ పనికొచ్చేవి నంబరున్న బళ్లే: 2011లో వచ్చిన హీరో ఇంపల్స్, 2016 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200. ఇంపల్స్ తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. ధర తక్కువని దానికి ఆశపడేవాళ్లు విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో ముందే కనుక్కోవడం మేలు.

ఇనుము మీద పడిన ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని పల్చని తడి పొరగా నిలుస్తుంది. అందులోని క్లోరైడు లోహం మీది రక్షణ పొరకు చిల్లులు పొడుస్తుంది. వాన వెలిశాక ఆరిపోయే తడి కాదిది, కడిగితే తప్ప పోదు. సముద్రం నుంచి వచ్చే గాలి ఒక్కటే కాదు, రొయ్యల గుంటల్లో రాత్రీపగలూ తిరిగే ఏరియేటర్లు ఎగజిమ్మే తుంపర కూడా ఉప్పుదే. గట్టు మీద రోజూ ఆపిన బండి అలలు తాకకుండానే తుప్పు పడుతుంది.

అమ్మేవాళ్లు ట్యాంకు తళతళలాడేలా తుడుస్తారు, కింద ఎవరూ తుడవరు. అందుకే నేల మీద కూర్చుని చూడాలి. సైడ్ స్టాండ్ కీలు, బెండ్ పైపు సైలెన్సర్‌తో కలిసే చోటు, స్వింగ్ ఆర్మ్ లోపలి వైపు, ఫుట్‌రెస్టు బోల్టులు, బ్యాటరీ కింది రేకు అసలు సంగతి చెబుతాయి. చాసిస్‌కు కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే అనుమానించాలి. పొక్కిన చోట స్క్రూడ్రైవర్‌తో నొక్కితే పైపైన పట్టిన తుప్పో, లోపలికి తిన్న తుప్పో తేలిపోతుంది. వెల్డింగు అతుకుల దగ్గర వెంట్రుకంత గీత కనిపించినా బేరం అక్కడితో ఆపేయడం మంచిది. స్పోకులను తాళంచెవితో ఒక్కొక్కటిగా తట్టాలి. వదులైనది బొంగురుగా మోగుతుంది, నిప్పుల్ తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే దాన్ని బిగించడమూ కుదరదు. ట్యాంకు మూత తీసి లోపలికి టార్చి వేయడం మరవకూడదు.

ముందు ఫోర్కు గొట్టాలను గోటితో పైనుంచి కిందికి గీయాలి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే అక్కడ తుప్పు గుంట పడినట్టు. ఆ గుంట సీలును కోస్తుంది, ఆయిలు కారుతుంది. కొత్త సీలు వేసినా కొన్నాళ్లకు మళ్లీ అదే కథ. ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బళ్లలో సీటు ఎత్తి కప్లర్లు రెండు మూడు ఊడదీసి చూడాలి. లోపల పచ్చటి పొడి ఉంటే రాగి తీగ తినేసినట్టే. అప్పుడప్పుడు ఆగిపోయి మళ్లీ దానంతట అదే స్టార్టయ్యే రోగాలకు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

ఇసుక చేసే హాని వేరు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే ఫిల్టర్ దాటి ఇంజిన్ వైపు ఇసుక కనిపించకూడదు. కనిపిస్తే పిస్టనూ బోరూ అరిగి ఉంటాయని లెక్కవేసుకోవాలి. ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పినప్పుడు మధ్యలో ఎక్కడో పట్టినట్టుంటే కోన్ సెట్ పోయింది. వెనక చక్రాన్ని పక్కలకు ఊపినప్పుడు కదలిక ఉంటే చక్రం బేరింగులు గానీ, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు గానీ మార్చాలి.

ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయాలి. కొనేవాళ్లు వచ్చేసరికి ఇంజిన్ వేడెక్కి ఉందంటే కాసేపు కూర్చుని చల్లారాక చూడటమే తెలివి. నీలిపొగ ఆగకుండా వస్తుంటే ఆయిలు కాలుతోంది. టూ స్ట్రోక్ మోటోక్రాస్ బండికి మాత్రం ఈ పరీక్ష వర్తించదు, దాని పెట్రోల్లోనే ఆయిలు కలుపుతారు. రేసు బళ్లకు కిలోమీటర్లు కాదు, ఇంజిన్ నడిచిన గంటలే లెక్క. పిస్టన్ ఎప్పుడు మార్చారో బిల్లుతో చూపించమనాలి.

2021 నవంబరులో పెన్నా వరద కోవూరు వైపు ముంచెత్తింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. ఆనాడు నీళ్లలో నిలబడ్డ బళ్లు కూడా చేతులు మారుతుంటాయి. హెడ్‌లైటు లోపల, మీటరు వెనక, చాసిస్ మూలల్లో ఎండిన ఒండ్రు వాటి ఆనవాలు. ఇంజిన్ ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీరు చేరినట్టు.

చివరికి కాగితాలు. హ్యాండిల్ మెడ దగ్గర చెక్కిన చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. చాసిస్ అంకెలు తుప్పుతో చదవడానికి రాకపోతే రవాణా కార్యాలయంలో చిక్కే. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి, ఫైనాన్సు తీరి ఉంటే ఫారం 35 అదనం. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి. తడ దాటి చెన్నై నుంచి వచ్చే బండికి అక్కడి ఎన్‌ఓసీ, అంటే ఫారం 28 ఉండాలి, ఇక్కడి పన్ను ఖర్చు బేరంలోనే కలుపుకోవాలి. బీమాను కొన్నవారి పేరుకు మార్చమని 14 రోజుల్లోపు కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి.