అన్నము మాత్రమే చాలునా?

1833వ సంవత్సరపు కరవులో గుంటూరు సీమ ఎంతగా పాడైనదో పెద్దల వలన వినియుందురు. విజయవాడయొద్ద కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తియైనది. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినది. మన డెల్టా ధాన్యాగారమని పేరు పొందినది. ఇట్టి సీమలో అన్నము తినుచున్న బిడ్డ పోషణలేక చెడునా? చెడును. నేను కన్నులార చూచితిని.

సుమారు నలువది సంవత్సరముల క్రిందట దివిసీమలోని ఒక పల్లెలో తెలుగు పండితుడుగా నుంటిని. ఒకనాడు నా శిష్యుడు రెండేండ్ల తమ్ముని చంకనెత్తుకొని బడికి వచ్చినాడు. తల్లి మరల ప్రసవించి పదునైదు దినములైనది. పిల్లవాని బుగ్గలు నిండుగా నున్నవి. "బొద్దుగా నున్నాడే!" అంటిని. ఆ మాటకు నేటికిని సిగ్గుపడుదును. పల్లెకు వచ్చుచుండిన నర్సమ్మ వాని పాదమును బొటనవ్రేలితో నొక్కినది. పడిన గుంట పూడలేదు. "ఇది కండ కాదు మాస్టారూ, నీరు" అన్నది. వాని జుట్టు పలుచబడి ఎఱ్ఱబారినది. ఎవరు పలుకరించినను నవ్వడు, ఏమి చూపినను చేయి చాపడు.

ఈ వ్యాధికి క్వాషియార్కర్ అని పేరు. నేటి ఘనా దేశములో పనిచేసిన సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు 1933లో దీనిని వర్ణించి, 1935లో అచ్చటి గా భాషలోని ఈ మాటను లోకమునకు తెలిపినది. తరువాతి బిడ్డ పుట్టినప్పుడు పెద్దబిడ్డకు వచ్చు జబ్బు అని దాని భావము. చనుబాలు పసికందుకు పోవును. పెద్దవానికి మిగులునది పలుచని గంజి. ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి దివిసీమ! ఆ పేరు మా పిల్లవానికి అచ్చముగా సరిపోయినది. దీనికి తోడబుట్టువు వంటిది మరాస్మస్. దానిలో నీరు చేరదు. ఎముకలపై చర్మము మాత్రము మిగిలి పసిముఖము ముసలిముఖమగును.

శరీరమునకు విస్తారముగా కావలసిన ఆహారపదార్థములు మూడు: పిండిపదార్థములు, కొవ్వులు, మాంసకృత్తులు. మొదటి రెండును ముఖ్యముగా శక్తి నిచ్చును. మాంసకృత్తులు కండను, రక్తమును నిర్మించును. అయితే శక్తి చాలనప్పుడు శరీరము ఆ మాంసకృత్తులనే, తుదకు తన కండనే, కాల్చుకొనును. వంటచెరకు లేక ఇంటి దూలమును పొయ్యిలో పెట్టుట వంటిది ఇది.

మాంసకృత్తుల కొరతయే ఈ వ్యాధికి మూలమని ఒకప్పుడు తలచిరి. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైన పరిశోధనాలయమున డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరులు పేదపిల్లల భోజనమును పరిశీలించిరి. ఉబ్బిన బిడ్డయు, ఎండిన బిడ్డయు ఇంచుమించు ఒకే విధమైన తిండి తినుచుండిరి. ఆ తిండి మొత్తముమీదనే చాలకుండెను. దానికి విరేచనములో, తట్టో తోడైనచో బిడ్డ కుప్పకూలును.

మన రైతు చేయు పని యొకటి చూడుడు. సార్వా వరి కోతకు రెండు మూడు దినములు ముందుగా, నిలిచియున్న చేనిలోనే మినుములు చల్లును. మిగిలిన తేమతోను, మంచుతోను ఆ పైరు పండును. చేనిలో కలిసిన ఆ రెండును కంచములోను కలియవలసినవే. నూరు గ్రాముల బియ్యములో మాంసకృత్తులు సుమారు 7 గ్రాములు. మినపపప్పులో 20కి పైగా. అంతేకాదు, బియ్యములో తక్కువైన లైసిన్ అను అంశము పప్పులో పుష్కలము. పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యమున కలదు. ఇక పసివాని కడుపు ఎంత? గంజి నీటితోనే నిండిపోవును. అందులకే చెంచాడు నూనెయో నేయియో కలుపుట. గ్రాము పిండిపదార్థము 4 కెలోరీల నీయగా గ్రాము కొవ్వు 9 ఇచ్చును.

ఆ పిల్లవానిని ఆసుపత్రిలో చేర్చితిమి. కడుపునిండ పెట్టుదురనుకొంటిని. వారట్లు చేయలేదు. ఇట్టి బిడ్డకు ఒక్కసారిగా ఎక్కువ పెట్టిన ప్రాణాపాయమట! పంచదారయు నూనెయు కలిపిన పాలను కొంచెము కొంచెముగా, రాత్రియు మేల్కొలిపి పట్టిరి. మొదటి వారమున వాని తూకము తగ్గెను. తల్లి ఏడ్చినది. "నీరు దిగుచున్నదమ్మా, భయపడకు" అని నర్సమ్మ ఓదార్చినది. మరి కొన్ని దినములకు నేను చూడబోయినప్పుడు వాడు చిక్కి సగమైయున్నాడు. అన్న బలపమొకటి చూపగా చేయి చాపి, నవ్వినాడు.