చెవి పట్టిన ఆచూకి

చలనచిత్రము కంటికి సంబంధించిన కళయని సామాన్యాభిప్రాయము. కాని అపహృతుడైన బాలుని విషయమున చెవి యెంతటి సాక్షి కాగలదో నిరూపించిన చిత్రమొకటి కలదు. జపాను దర్శకుడు అకిరా కురోసావా 1963లో రూపొందించిన ఈ చిత్రము పేరు 'టెంగోకు టో జిగోకు'. అనగా స్వర్గము, నరకము. అమెరికా రచయిత ఎడ్ మెక్‌బెయిన్ 1959లో ప్రకటించిన నవల దీనికి ఆధారము.

యోకొహామా నగరమున గొండో యను పాదరక్షల కంపెనీ అధికారి కొండమీది భవనమున నివసించుచుండును. ఈ పాత్రను తోషిరో మిఫూనె ధరించెను. కంపెనీపై ఆధిపత్యము సంపాదించుటకై గొండో ఇల్లు సైతము తాకట్టుపెట్టి ధనము కూర్చును. అంతలో టెలిఫోను మ్రోగును. అతని కుమారుని ఎత్తుకొనిపోయితిననియు, 3 కోట్ల యెన్‌లు చెల్లించిననే విడుతుననియు ఒక దుండగుడు పలుకును. తీరా చూడగా, అపహృతుడు గొండో కుమారుడు కాడు. వానితో ఆడుకొనుచుండిన కారు డ్రైవరు కొడుకు! పొరపాటు తెలిసినను దుండగుడు పట్టు విడువడు. పరుల బిడ్డకై సర్వస్వమును ధారపోయవలెనా? చిత్రములోని అసలు ఉత్కంఠ ఇదియే. తొలి గంట కాలము కథ దాదాపుగా ఆ ఇంటిలోనే నడచును.

తుదకు గొండో ధనమిచ్చుటకు నిశ్చయించుకొనును. కొడామా ఎక్స్‌ప్రెస్ బండిలోని స్నానపుగది కిటికీ 7 సెంటీమీటర్లు మాత్రమే తెరచుకొనును. ఆ సందున పట్టు సంచులలో సొమ్మును నింపి, నది వంతెన వద్ద వెలుపలికి విసరవలెనని దుండగుని ఆజ్ఞ. ఆ విధముగ చేయగా బాలుడు క్షేమముగ దక్కును.

పిమ్మట పోలీసులు దుండగుని వేట సాగింతురు. టేపుపై ఎక్కించిన టెలిఫోను సంభాషణలను మరల మరల విందురు. మాటల వెనుక ఏదో బండి సద్దు! దానిని రైల్వే ఉద్యోగికి వినిపింపగా, అది ఎనోషిమా మార్గమున నడచు విద్యుత్ బండి చప్పుడని ఆతడు గుర్తించును. బాలుడు తాను చూచిన సముద్రమును, ఫ్యూజీ పర్వతమును బొమ్మగా గీయును. వీనివలన వానిని దాచిన ఇంటి జాడ దొరకును. సంచులలో గొండో ముందే ఇమిడ్చిన రసాయనము, వానిని కాల్చినపుడు రంగు పొగయై లేచును. నలుపు తెలుపుల చిత్రమున ఆ పొగ ఒక్కటియే గులాబి రంగున గోచరించును.

ఇందు అద్భుత మేధావియైన డిటెక్టివు ఎవడును లేడు. గొండో త్యాగమును కన్నులార చూచిన పోలీసులందరును పట్టుదలతో శ్రమించుటయే కలదు. సొమ్ములో అధికభాగము దొరకును గాని, అప్పటికే కాలము మించిపోవుటచే అతని ఇల్లు దక్కదు. త్యాగమునకు మూల్యము చెల్లింపక తప్పదని కురోసావా దాచక చెప్పెను. రేడియో వినుటకు అలవడిన మన చెవులకు ఈ చిత్రము మరింత రుచించును.