నాట్యాన్ని చిత్రించే వేళ

నృత్యానికి ప్రాణం చలనం. ఛాయాచిత్రానికి స్వభావం నిశ్చలత. ఈ రెంటినీ కలపడం ఎంతటి పనియో, సహోద్యోగి కుమార్తె కూచిపూడి రంగప్రవేశాన్ని చిత్రించే బాధ్యత తొలిసారి స్వీకరించినప్పుడు మా ఛాయాగ్రహణ మిత్రబృందానికి తెలిసివచ్చింది. వివాహాలు, క్రీడోత్సవాలు, భద్రతా వారోత్సవాలు చిత్రించిన అనుభవం మాకున్నది. అయితే బహుమతి ప్రదానంలో "ఒక్క నిమిషం ఆగండి" అనవచ్చును, నర్తకిని ఆగమనలేము. ఏళ్ల తరబడి అభ్యసించిన విద్యను ఆ అమ్మాయి తొలిసారి సభకు సమర్పించే సాయంత్రమది. జారిపోయిన క్షణం మళ్ళీ రాదు.

అందువల్ల ముందుగానే అనుమతి పొంది రెండు రోజులు అభ్యాసం చూశాము. గురువుగారు విధించిన మొదటి నియమం ఫ్లాష్ వాడరాదని. తరంగంలో నర్తకి ఇత్తడి పళ్ళెం అంచులపై పాదాలు మోపి, లయకు అనుగుణంగా దానిని కదుపుతూ నర్తిస్తుంది. కొన్ని ప్రదర్శనలలో శిరస్సుపై నీళ్ల చెంబు కూడా ఉంటుంది. అప్పుడు కన్నులలో మెరుపు పడితే తూకం తప్పే ప్రమాదమున్నది.

కనుక వేదికపై ఉన్న వెలుతురే మాకు ఆధారమైంది. ఎఫ్ 2.8 లెన్సు, ఐఎస్‌ఓ 3200 ఎంచుకున్నాము. అభినయానికి సెకనులో 125వ వంతు, వేగవంతమైన జతులకు 500వ వంతు షట్టరు వేగం సరిపోయింది. వెనుక నల్లని తెర ఉన్నప్పుడు కెమెరా వేదికంతా చీకటని భ్రమించి నర్తకి ముఖాన్ని పాలిపోయినట్లు చూపుతుంది. అందుచేత వెలుతురును ముఖం మీదనే కొలిచాము. మొదటి వరుసలో కూర్చుంటే వేదిక అంచు పాదాలను కప్పివేస్తుంది గనుక కొంత వెనుకగా, వేదిక ఎత్తుకు సమంగా చోటు చూసుకున్నాము.

ఇంతకంటె ముఖ్యమైనది వినికిడి. జతి ముగింపులో ఒకే పలుకుల వరుస సాధారణంగా మూడుసార్లు వస్తుంది. మూడవసారి చివరి తాళపు దెబ్బతో నర్తకి భంగిమలో నిలుస్తుంది. నట్టువాంగం వింటూ ఉంటే ఆ క్షణం ముందుగానే తెలుస్తుంది. కంటితో చూసి మీట నొక్కేసరికి అది దాటిపోతుంది.

కథ తెలియడమూ అవసరమే. భామాకలాపంలో సత్యభామ ముఖం చూపకముందే తెరపై నుండి జడను ముందుకు వేస్తుంది. ముఖం కోసమే నిరీక్షించే వారికి ఆ గొప్ప దృశ్యం దక్కదు. చేయి సాగిన చోటికి చూపు సాగాలని అభినయదర్పణం చెబుతుంది. కావున చిత్రంలో చేతి కొనకు ఆవల కొంత చోటు విడిచిపెట్టాలి.

ఫిల్ము రోజులలో రోలుకు 36 చిత్రాలే కావడంతో ప్రతి నొక్కూ ఆలోచించి నొక్కేవారు. నేడు ఆ పరిమితి లేకున్నా ఆ నిగ్రహం ఉపకరిస్తుంది.

చిత్రాలు చూపినప్పుడు గురువుగారు ముందుగా పాదాలు, పిదప వేళ్లు, చివరకు చూపు పరిశీలించారు. వారు మెచ్చి పక్కన పెట్టినది తరంగం ముగిసి పళ్ళెం నిలిచిన క్షణం. ఆ చిత్రం ఇప్పుడు మా సహోద్యోగి ఇంటి ముందుగదిలో ఉన్నది.