చిల్లపెంకులోని చరిత్ర
చాకో లోయకు వెళ్ళబోయే వారికి కొన్ని విషయాలు

వేసవి సెలవులు వచ్చేసరికి అమెరికాలోని తెలుగు కుటుంబాలు నయాగరాకో, గ్రాండ్ కేన్యన్‌కో, డిస్నీ వరల్డ్‌కో ప్రయాణమవుతాయి. ప్రాచీన కట్టడాలు చూడాలంటే ఇండియాలోనే చూడాలనీ, ఈ దేశానికి పట్టుమని నాలుగు వందల ఏళ్ళ చరిత్ర కూడా లేదనీ చాలామంది అభిప్రాయం. ఆ అభిప్రాయం సరికాదు. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుని కొలువులో నన్నయ మహాభారతాన్ని తెనిగిస్తున్న కాలంలోనే, న్యూ మెక్సికో రాష్ట్రపు వాయవ్య దిక్కున ఒక ఎడారి లోయలో, బండిచక్రమూ, భారం మోసే ఎద్దూ, గుర్రమూ లేని ప్రజలు నాలుగంతస్తుల రాతి భవనాలు నిర్మిస్తూ ఉన్నారు. ఆ ప్రదేశమే చాకో కేన్యన్.

ఈ యాత్రకు రెండు విధాలైన సన్నాహం అవసరం. మొదటిది నీరు, దారి, ఆహారం వంటి వాటికి సంబంధించినది. రెండవది, అక్కడ కనిపించే రాళ్ళ వెనుక ఉన్న చరిత్ర ఎట్లా తెలిసిందో గ్రహించడం. ఈ రెండవ సన్నాహం లేకపోతే అక్కడ పిల్లలకు కనిపించేవి కూలిన గోడలు మాత్రమే.

లోయలోని కట్టడాలు

సముద్రమట్టానికి సుమారు 6,200 అడుగుల ఎత్తున ఉన్న ఈ లోయలో వర్షపాతం ఏడాదికి సగటున సుమారు 9 అంగుళాలే. ఇక్కడి భవనాలలో మిక్కిలి ప్రసిద్ధమైనది ప్యుబ్లో బొనీటో. ఈ స్పానిష్ మాటకు 'అందమైన ఊరు' అని అర్థం. అర్ధచంద్రాకారంలో సుమారు 3 ఎకరాలు ఆక్రమించిన ఈ కట్టడంలో 600కు పైగా గదులు, 'కీవా' అని పిలిచే గుండ్రని ఆరాధనా మందిరాలు సుమారు 40 ఉన్నాయి. 9వ శతాబ్దపు మధ్యలో మొదలైన నిర్మాణం 12వ శతాబ్దపు తొలి భాగం వరకు విడతలు విడతలుగా సాగింది. 12వ శతాబ్దంలో దీర్ఘకాలం కరవు నెలకొన్నది. ఆ శతాబ్దంలోనే జనం క్రమంగా లోయను వదిలి ఇతర ప్రాంతాలకు తరలిపోయారు.

అయితే వారు అంతరించిపోలేదు. హోపీ, జునీ, రియో గ్రాండే తీరపు ప్యుబ్లో జాతులు తమ పూర్వీకులు ఇక్కడ నివసించినవారేనని చెబుతారు. నవాహో జాతిలోని కొన్ని వంశాలు కూడా ఈ లోయతో తమకు సంబంధం ఉన్నదంటాయి. వారందరికీ ఇది శిథిలం కాదు, పుణ్యస్థలం.

ఈ లోయను 1907లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. 1980లో ఇది జాతీయ చారిత్రక ఉద్యానవనమైనది. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది.

దూలాలు చెప్పిన సాక్ష్యం

ఈ కట్టడాలపై శాసనాలు లేవు. వీటిని నిర్మించినవారికి లిపి లేదు. మరి కాలనిర్ణయం ఎట్లా జరిగింది? పైకప్పుల కొరకు వాడిన దూలాల ద్వారా జరిగింది.

వాన బాగా కురిసిన ఏడు చెట్టు కాండంలో వలయం వెడల్పుగా, కరవు ఏడు సన్నగా ఏర్పడుతుంది. ఒకే ప్రాంతపు చెట్లన్నిటిలో ఈ వరుస ఒకే తీరుగా ఉంటుంది. అరిజోనా విశ్వవిద్యాలయపు ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆండ్రూ డగ్లస్, సూర్యునిలోని మచ్చలకూ వర్షాలకూ గల సంబంధాన్ని వెదుకుతూ ఈ వలయాల అధ్యయనంలో ప్రవేశించాడు. బ్రతికి ఉన్న చెట్ల నుండి వెనుకకు లెక్కించిన వరుస ఒకటి, శిథిలాలలోని దూలాల వరుస మరొకటి ఆయన వద్ద ఉండేవి. రెండింటినీ కలిపే ముక్క మాత్రం చాలాకాలం లభించలేదు. 1929లో అరిజోనాలోని షో లో అనే ఊరిలో దొరికిన ఒక కాలిన దూలం ఆ వంతెనగా పనిచేసింది. దానితో చాకో గోడలకు శతాబ్దాలు కాదు, సంవత్సరాలే తెలిశాయి.

దూలాలు ఎక్కడివన్న ప్రశ్నకు రసాయన శాస్త్రం సమాధానం చెప్పింది. చాకో భవనాలకు రెండు లక్షలకు పైగా దూలాలు పట్టి ఉంటాయని అంచనా. లోయలో అన్ని చెట్లు లేవు. చెట్టు వేళ్ళ ద్వారా కాల్షియంతో పాటు దానిని పోలిన స్ట్రాన్షియం అనే మూలకాన్ని కూడా గ్రహిస్తుంది. ఈ మూలకపు 87, 86 ఐసోటోపుల నిష్పత్తి శిలను బట్టి మారుతుంది గనుక, అది చెట్టు పెరిగిన కొండకు చిరునామా వంటిది. 2001లో ప్రచురితమైన పరిశోధనలో ఈ నిష్పత్తిని కొలవగా, స్ప్రూస్, ఫర్ దూలాలు 50 మైళ్ళకు పైగా దూరాన ఉన్న చుస్కా, సాన్ మాటెయో కొండల నుండి వచ్చినట్లు తేలింది. అంత దూరమూ వాటిని మోసినవి మనుషుల భుజాలే.

కూజాలో ఏమున్నది?

1896లో ప్యుబ్లో బొనీటోలోని ఒక చిన్న గదిని తవ్వినప్పుడు పొడవాటి స్తంభాకారపు మట్టి కూజాలు 111 బయటపడ్డాయి. వాటిని దేనికి వాడేవారో నూరేళ్ళకు పైగా ఎవరికీ తెలియలేదు. న్యూ మెక్సికో విశ్వవిద్యాలయానికి చెందిన పురాతత్త్వవేత్త పెట్రీషియా క్రౌన్‌కు ఆ ఆకారం మాయా జాతివారు చాకొలెట్ పానీయం తాగే పాత్రలను గుర్తుకు తెచ్చింది. ఆమె ప్యుబ్లో బొనీటో వద్ద చెత్తకుప్పలలో లభించిన కొన్ని చిల్లపెంకులను, పెన్సిల్వేనియాలోని హెర్షీ సంస్థకు చెందిన రసాయన శాస్త్రజ్ఞుడు జెఫ్రీ హర్స్ట్‌కు పంపించారు.

మెరుగు పూయని మట్టిపాత్ర సూక్ష్మరంధ్రాలతో నిండి ఉంటుంది. ద్రవం ఆ రంధ్రాలలోకి ఇంకి, నీరు ఆవిరైన తరువాత కరిగి ఉన్న పదార్థం అక్కడే నిలిచిపోతుంది. అందువలన పెంకు పైపొరను తీసివేసి, లోపలి మట్టిని పొడిచేసి, వేడినీటితో ఆ పదార్థాన్ని రాబట్టి, క్రొమటోగ్రఫీ ద్వారా వేరుచేసి, మాస్ స్పెక్ట్రోమీటరుతో అణుభారం కొలిచారు. కొన్ని పెంకులలో అణుభారం 180 గల థియోబ్రోమిన్ కనిపించింది. ఇది కాఫీలోని కెఫీన్‌కు దగ్గరి చుట్టం. రెండింటికీ తేడా ఒక్క మిథైల్ సమూహమే. కకావ్ గింజలో ఇది సమృద్ధిగా ఉంటుంది. ఈ ఫలితాలు 2009లో వెలువడ్డాయి.

కకావ్ చెట్టు ఎడారిలో పెరగదు. వేడీ తేమా గల మధ్య అమెరికా అడవులే దానికి నెలవు. అంటే ఆ గింజలు సుమారు 1,200 మైళ్ళు కాలినడకన వచ్చాయన్నమాట. ఆ దారుల్లోనే ఎర్ర మకా చిలుకలు కూడా వచ్చాయి. వాటి ఎముకలు ప్యుబ్లో బొనీటోలో లభించాయి. ఎడారి మధ్య ఒంటరిగా కనిపించే ఆ ఊరు నిజానికి దూరదేశాలతో రాకపోకలు గల కేంద్రం.

చిల్లపెంకును ఎందుకు ముట్టరాదు?

ఇంత పెద్ద సంగతి చెప్పినది వస్తుప్రదర్శనశాలలోని అందమైన కూజా కాదు. పల్లెటూరి పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆటకు ఏరుకునేటటువంటి చిల్లపెంకు. చాకోలో నడకదారుల ప్రక్కన నల్లగీతలున్న అట్టి పెంకులు కంటబడతాయి. ఒకటి జేబులో వేసుకుంటే ఏమవుతుందని పిల్లలకే కాదు, పెద్దలకూ అనిపిస్తుంది.

ఏమవుతుందంటే, ఆ పెంకు సాక్ష్యం చెప్పే శక్తిని కోల్పోతుంది. ఏ గది ప్రక్కన, ఏ పొరలో ఉన్నదో తెలిసినంతవరకే దాని మాటకు విలువ. పైగా కాఫీ, టీ, చాకొలెట్ ముట్టిన చేతులలో ఇవే రసాయనాలు ఉంటాయి. మిల్లీగ్రాములో లక్షల వంతును కూడా పట్టుకోగల పరికరానికి ఆ కల్తీ చాలు. సమాఖ్య ప్రభుత్వ భూములపై ఇట్టివి తీసుకొనిపోవడం 1906 నాటి, 1979 నాటి చట్టాల ప్రకారం నేరం కూడాను.

ఈ నష్టం ఎట్టిదో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 18వ శతాబ్దపు చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టించుకుంటున్నప్పుడు, అక్కడి దిబ్బ నుండి ఇటుకలూ రాళ్ళూ తవ్వి తీశారు. అది గొప్ప బౌద్ధ స్తూపమని వారికి తెలియదు. 1797లో దానిని చూసిన కాలిన్ మెకంజీ, 1816లో మళ్ళీ వచ్చేసరికి చాలాభాగం నాశనమైపోయింది. మిగిలిన శిల్పాలు నేడు చెన్నైలోనూ, లండన్‌లోనూ ఉన్నాయి. శిల్పాలు దక్కినా, స్తూపం పూర్తి రూపమేమిటన్న ప్రశ్నకు నేటికీ ఊహాచిత్రాలే శరణ్యం.

ప్రయాణ సన్నాహం

ఆల్బకర్కీ నుండి చాకోకు కారులో సుమారు మూడు గంటల ప్రయాణం. 550వ నంబరు రహదారిపై నగీజీ అనే ఊరికి సమీపాన మలుపు తిరిగిన తరువాత 21 మైళ్ళు ఉంటుంది. అందులో చివరి 13 మైళ్ళు మట్టిరోడ్డు. ఇక్కడి బంకమట్టి తడిస్తే నీటిని పీల్చి ఉబ్బి జారుడుగా మారుతుంది. వాన పడితే మంచి వాహనం కూడా దిగబడవచ్చు. జూలై, ఆగస్టు నెలలలో మధ్యాహ్నపు జడివానలు సామాన్యం. అందువలన బయలుదేరే ముందు పార్కు కార్యాలయానికి ఫోను చేసి దారి పరిస్థితి కనుక్కోవాలి. జి.పి.ఎస్. చూపే అడ్డదారులను నమ్మరాదు. అద్దెకారు అయితే మట్టిరోడ్డుపై నడపడానికి ఒప్పందం అనుమతిస్తుందో లేదో ముందే చూసుకోవాలి.

లోపల పెట్రోలు, హోటలు, భోజనం లభించవు. సెల్‌ఫోను సంకేతాలపై ఆధారపడరాదు. మనిషికి రోజుకు ఒక గ్యాలను నీరు వెంట ఉంచుకోవడం క్షేమం. ఎండలో నిలిపిన కారులో పెరుగన్నం కంటె పులిహోర నయం. చింతపండులోని ఆమ్లం సూక్ష్మజీవుల పెరుగుదలను అరికడుతుంది. ఇండియా నుండి వచ్చిన తల్లిదండ్రులు వెంట ఉంటే ఎత్తునూ ఎండనూ దృష్టిలో ఉంచుకొని ఉదయమే నడక ముగించడం మంచిది. వసంత, శరదృతువులు అనుకూలమైన కాలాలు. అప్పుడు కూడా రాత్రి చలికి ఉన్ని దుస్తులు కావాలి.

లోపలి 9 మైళ్ళ చుట్టుదారిలో ప్యుబ్లో బొనీటో, చెట్రో కెట్ల్, కాసా రింకనాడా అనే పెద్ద కీవా తప్పక చూడదగినవి. గోడలు ఎక్కరాదు. కీవాల వద్ద గుడిలో పాటించే మర్యాదే పాటించాలి. గాయో అనే శిబిర స్థలంలో గుడారం వేసుకొని ఒక రాత్రి గడపగలిగితే నగరాలలో కనిపించని పాలపుంత కనిపిస్తుంది. 2013లో ఈ ఉద్యానవనానికి అంతర్జాతీయ చీకటి ఆకాశ స్థలంగా గుర్తింపు లభించింది.

పిల్లల చేతికి ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఇచ్చి తీసుకొని వెళ్ళడం మంచిది. దారి ప్రక్కన పెంకు కనిపించినప్పుడు, దానిని కదపకుండా బొమ్మ గీసుకొని, ఏ భవనం దగ్గర చూశారో, ఏ తేదీన చూశారో దాని క్రింద వ్రాసుకోమనాలి. పురాతత్త్వవేత్తలు చేసే మొదటి పని కూడా అదే.